మంజీర పరీవాహకంలో నత్తలు, నత్తమందులు: బోధన్ చెరకు ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగునాట పంటల చీడపీడల చరిత్ర ఎక్కువగా కీటకాల చరిత్రగానే నమోదైంది. నేలనత్తలు ఆ చరిత్రలో అంచుకే పరిమితమయ్యాయి. 2022 వానాకాలంలో మంజీర నది ఎగువ భాగంలోని బీడ్, లాతూర్, ఉస్మానాబాద్ జిల్లాల సోయా పొలాలను నత్తలు నాశనం చేశాయి. అదే నది దిగువన నిజామాబాద్, బోధన్ చెరకు ప్రాంతం ఉంది. ఆఫ్రికా పెద్దనత్త భారతదేశానికి చేరిన తీరు, దానిపై ప్రయోగించిన రసాయనాల పరిణామం, వాటి పరిమితులను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. నత్తమందు ఫలితం రసాయన శక్తి కన్నా దాన్ని అమలుచేసే సామూహిక వ్యవస్థపై ఎక్కువగా ఆధారపడుతుందని, బోధన్ ప్రాంతంలో అటువంటి వ్యవస్థ చక్కెర కర్మాగారంతో పాటు కుంగిపోయిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నేలనత్తలు, మెటాల్డిహైడ్, మంజీర, నిజాంసాగర్, బోధన్, చెరకు, సోయా, మరాఠ్వాడా.

1. ఉపోద్ఘాతం

తెలుగువారికి నత్త కొత్త జీవి కాదు. చెరువులో, వరిమడిలో కనిపించే నీటినత్త కొన్ని వర్గాలకు ఆహారం, బాతులకు మేత. 'నత్తనడక' అన్న మాట మందకొడితనానికి మారుపేరు. అయితే ఈ పరిచయమంతా నీటినత్తతోనే. గట్టు మీద, తోటలో, చెత్తకుప్ప కింద బతికే నేలనత్తను రైతు చూస్తూనే ఉన్నా పంటకు శత్రువుగా లెక్కించిన సందర్భాలు అరుదు. పంటను తినేదాన్ని 'పురుగు' అనడం, దాన్ని చంపేదాన్ని 'పురుగుమందు' అనడం మన వాడుక. నత్త పురుగు కాదు. అందువల్ల మందు అడిగే రైతు, అమ్మే దుకాణదారు ఇద్దరూ అలవాటైన పురుగుమందు వైపే మొగ్గుతారు. కీటకాల నాడీవ్యవస్థను దృష్టిలో ఉంచుకొని తయారైన మందులు చాలావరకు నత్తపై అంతగా పనిచేయవు. గుల్లలోకి ముడుచుకుపోయి, జిగురుతో ద్వారాన్ని మూసుకోగల జీవికి పైపై పిచికారీ పెద్ద అడ్డంకి కాదు.

చట్టంలోనూ ఇదే స్థితి. నత్తమందులకు వేరే చట్టం లేదు. 1968 నాటి కీటకనాశకాల చట్టం పరిధిలోనే అవి ఉన్నాయి. ఆ చట్టం కీటకాలు, ఎలుకలు, శిలీంధ్రాలు, కలుపుతో పాటు మనుషులకు ఉపయోగపడని ఇతర వృక్ష, జంతు రూపాలను కూడా తన నిర్వచనంలో చేర్చింది. నత్త ఆ 'ఇతర' వర్గంలోకి వస్తుంది. మాటలోనూ చట్టంలోనూ ఇలా వెనక్కి నెట్టబడిన జీవి ఒక వానాకాలంలో వేలాది రైతుల విత్తనాలను ఎలా తినేసిందన్నది చరిత్ర విద్యార్థులు పట్టించుకోవలసిన ప్రశ్న.

2. నది, కాలువ, చెరకు

మంజీర నది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్ ప్రాంతం మీదుగా కర్ణాటకలోని బీదర్ జిల్లాను తాకి, తెలంగాణలో ప్రవేశిస్తుంది. సింగూరు, నిజాంసాగర్ జలాశయాలను దాటి, నిజామాబాద్, నాందేడ్ జిల్లాల సరిహద్దుగా ప్రవహించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 724 కిలోమీటర్లు. 1956 నవంబర్ 1 వరకు ఈ పరీవాహకమంతా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటుతో ఎగువ భాగం బొంబాయి, మైసూరు రాష్ట్రాలకు, దిగువ భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పాలన మూడుగా చీలినా నీరు, నేల, వాటివెంట కదిలే జీవజాలం చీలలేదు.

నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఈ నిర్మాణంతో ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు ముడిపడి ఉంది. 2,75,000 ఎకరాల ఆయకట్టు లక్ష్యంగా తవ్విన కాలువలు బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాల సేద్యాన్ని మార్చివేశాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. 1937లో బోధన్ పక్కన నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. దాని చుట్టూ షక్కర్‌నగర్ వెలసింది. చెరకు నుంచి చక్కెర, చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నుంచి ఆల్కహాల్ తయారయ్యాయి. రుద్రూర్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రం చెరకు, వరి రకాలపై పనిచేసింది.

చెరకు ఏడాది పొడవునా నేలమీద ఉండే పంట. తరచుగా తడి, దట్టమైన నీడ, కింద రాలి పేరుకునే ఆకు, గట్ల మీద పచ్చిక ఇవన్నీ మెట్టపొలంలో లేని పరిస్థితులు. మెట్టలో ఎండాకాలం చాలా జీవులను అదుపులో ఉంచుతుంది. కాలువ వచ్చిన తర్వాత ఆ అదుపు సడలింది. నేలనత్తకు చెరకు అంత ఇష్టమైన మేత కాదు. అయినా చెరకు తోట దానికి చల్లని ఆశ్రయం ఇవ్వగలదు. ఆశ్రయం ఒక పొలంలో, మేత పక్క పొలంలో ఉండటం నత్త సమస్యకు ప్రత్యేక లక్షణం. ఇది రసాయన నియంత్రణను ఎలా దెబ్బతీస్తుందో ముందు చూద్దాం.

3. మారిషస్ నుంచి కలకత్తాకు, అక్కడినుంచి దేశమంతటికీ

భారత పంటపొలాల్లో అత్యంత ప్రమాదకరమైన నేలనత్త ఈ దేశంది కాదు. ఆఫ్రికా పెద్దనత్త జన్మస్థలం తూర్పు ఆఫ్రికా. శాస్త్రజ్ఞులు దాన్ని అకాటినా ఫ్యులికా అని, నేడు లిస్సకాటినా ఫ్యులికా అని పిలుస్తున్నారు. బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి, నత్తల అధ్యయనంలో పేరుపొందిన విలియం హెన్రీ బెన్సన్ 1847లో మారిషస్ నుంచి తెచ్చిన ప్రాణమున్న నత్తలు కలకత్తాలోని చౌరంగీ తోటకు చేరాయి. దేశంలో ఈ జాతి వ్యాప్తికి అదే తొలి ఘట్టంగా చరిత్రకారులు గుర్తిస్తారు. 1900లో సింహళానికి కూడా ఇలాగే ఒక ఔత్సాహికుడి చేతిమీదుగా చేరి, పదేళ్లలో అక్కడి ప్రభుత్వ కీటకశాస్త్రవేత్తలను కలవరపెట్టే స్థాయికి పెరిగింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనిక రవాణా పసిఫిక్ దీవులంతటా దీన్ని వ్యాపింపజేసింది. 1940ల రెండవ భాగంలో ఒడిశాలోని బాలాసోర్ ప్రాంతం దీని తాకిడికి గురైంది.

ఈ జాతి జీవలక్షణాలు వ్యాప్తికి అనుకూలమైనవి. ప్రతి నత్తలోనూ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. ఒక విడతకు 100 నుంచి 400 గుడ్లను మట్టిలో పెడుతుంది. ఏడాదిలో పలుమార్లు పెట్టగలదు. గుల్ల 20 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. 500కు పైగా మొక్కజాతులను తింటుంది. నీరు లేనప్పుడు మట్టిలో ముడుచుకొని నెలల తరబడి నిద్రావస్థలో ఉండి, తొలకరి పడగానే లేస్తుంది. రైతు విత్తనం వేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఎలుక ఊపిరితిత్తి నులిపురుగుకు ఇది ఆశ్రయం కావడంతో చేతితొడుగులు లేకుండా పట్టుకోవడం ఆరోగ్యానికీ ప్రమాదమే.

ఈ నత్త నడకతో దేశం దాటలేదు. నర్సరీ మొక్కల కుండీలు, మట్టి, ఇటుక, ఇసుక, కూరగాయల బుట్టలు దాన్ని మోశాయి. 1914లోనే వినాశకర కీటకాలు, చీడల చట్టం వచ్చినా అది ప్రధానంగా ఓడరేవుల వద్ద కాపలా పెట్టింది. ఈ నత్త అంతకు ముందే దేశంలో ఉంది. లోపలి రహదారుల మీద తిరిగే మట్టికి కాపలా లేదు. 1984లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రచురించిన రౌత్, ఘోష్‌ల గ్రంథం దేశంలోని చీడనత్తలను ఒకచోట చేర్చింది.

4. ఉప్పు, తుత్తం, పాషాణం: తొలి దశ

నత్తపై ప్రయోగించిన తొలి పదార్థాలు వంటింట్లోవీ, గోడకు పూసేవీ. ఉప్పు నత్త ఒంట్లోని నీటిని లాగేస్తుంది. పొడి సున్నం దాని జిగురును పీల్చి కదలికను ఆపుతుంది. రెండింటికీ ఒకే లోపం: తడి తగలగానే శక్తి పోతుంది. పైగా ఉప్పు నేలను చెడగొడుతుంది. మైలుతుత్తం, దానికి సున్నం కలిపిన బోర్డో మిశ్రమం నత్తలకు విషం, వికర్షకం కూడా. తుత్తంతో పొగాకు కషాయం కలిపి చల్లే పద్ధతి కేరళలో ఇటీవలి కాలం వరకు సిఫారసుల్లో ఉంది. అయితే తుత్తం నీటిలోకి చేరితే చేపలకు హానికరం. చెరువుల కింద సేద్యం చేసే ప్రాంతంలో ఈ సంగతిని విస్మరించలేము.

ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో పాషాణ సమ్మేళనాలు ప్రపంచమంతటా వ్యవసాయంలోకి వచ్చాయి. కాల్షియం ఆర్సెనేట్‌ను తవుడులో కలిపి ఎరగా పెట్టేవారు. అది నత్తను చంపేది, కానీ పాషాణం విచ్ఛిన్నమయ్యే పదార్థం కాదు. చల్లిన చోటే మట్టిలో మిగిలిపోతుంది. తవుడు వాసనకు వచ్చేది నత్త ఒక్కటే కాదు. కోళ్లు, పశువులు, కుక్కలు కూడా వస్తాయి.

5. మెటాల్డిహైడ్: పొయ్యి ఇంధనం నుంచి పొలం మందుకు

1835లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ వర్ణించిన మెటాల్డిహైడ్ సుమారు నూరేళ్లు ప్రయోగశాల పదార్థంగానే ఉంది. 1920లలో స్విట్జర్లాండ్‌లోని లోంజా సంస్థ దీన్ని 'మెటా' పేరుతో ఘన ఇంధన బిళ్లలుగా అమ్మింది. యాత్రికులు చిన్న పొయ్యిల్లో వాడేవారు. 1930లలో ఆ బిళ్లలు నత్తలను ఆకర్షించి చంపుతున్నాయని గమనించారు. ఆ పరిశీలన త్వరలోనే తవుడు ఎరగా మారింది. 1940ల నుంచి ఆఫ్రికా పెద్దనత్తపై మెటాల్డిహైడ్‌ను, కాల్షియం ఆర్సెనేట్‌ను కలిపి వాడారు. మొదటిది నత్తను రప్పించి కదలకుండా చేస్తుంది, రెండవది కోలుకోకుండా చంపుతుంది. ఈ దశ అనుభవాలను ఆల్బర్ట్ మీడ్ 1961లో వెలువరించిన 'ది జెయింట్ ఆఫ్రికన్ స్నెయిల్' గ్రంథంలో సవివరంగా చర్చించాడు.

రసాయన దృష్టితో చూస్తే మెటాల్డిహైడ్‌కు చెరకుతో దూరపు బంధుత్వం ఉంది. అసిటాల్డిహైడ్ అణువులు నాలుగు కలిస్తే మెటాల్డిహైడ్. అసిటాల్డిహైడ్‌ను ఆల్కహాల్ నుంచి తయారుచేయవచ్చు. భారతదేశంలో ఆ ఆల్కహాల్‌కు ముఖ్యమైన ముడిసరుకు మొలాసిస్. నత్తను ఎర వద్దకు రప్పించే తీపి కూడా బెల్లం, మొలాసిస్‌లదే. చక్కెర పరిశ్రమ ఉపోత్పత్తులు ఇలా విషానికీ, ఎరకూ మూలద్రవ్యాలయ్యాయి.

మెటాల్డిహైడ్ పనితీరులోనే దాని పరిమితీ ఉంది. అది నత్త శరీరంలోని జిగురు కణాలను దెబ్బతీస్తుంది. నత్త విపరీతంగా జిగురు కార్చి, నీరు కోల్పోయి చస్తుంది. తర్వాతి రోజు ఎండ కాస్తే చావు ఖాయం. వాన పడితే కోల్పోయిన నీటిని తిరిగి పొంది కోలుకునే అవకాశం ఉంది. గుళికలు కూడా తడికి నానిపోతాయి. నత్త బయటకు రావాలంటే వాన కావాలి, మందు పనిచేయాలంటే ఎండ కావాలి. మట్టిలోని గుడ్లపై ఈ ఎర ప్రభావం లేదు. కాబట్టి ఒక విడతతో పని ముగియదు.

6. 2022: ఎగువ మంజీర అనుభవం

2022 వానాకాలంలో లాతూర్, బీడ్, ఉస్మానాబాద్ జిల్లాల్లో మొలకెత్తిన సోయాను నత్తలు రాత్రికి రాత్రి కొరికివేశాయి. చాలామంది రైతులు మళ్లీ విత్తవలసి వచ్చింది. విత్తనం, ఎరువు, కూలి ఖర్చు రెండింతలైంది, విత్తే అదను దాటిపోయింది. పంటనష్టమంటే కరువు, వరద, వడగళ్లు అన్న పాలనా నిర్వచనంలో నత్తకు చోటు ఉందా అన్న ప్రశ్న వచ్చింది. రైతుల ఒత్తిడి మీద మహారాష్ట్ర ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. నత్త నష్టం పాలనా దస్త్రాల్లో విపత్తుగా నమోదు కావడం చరిత్ర దృష్ట్యా గమనార్హం.

రైతులకు అందిన సలహాల్లో పాతవీ కొత్తవీ కలిసి ఉన్నాయి. బెల్లం నీటిలో తడిపిన గోనెపట్టాలను సాయంత్రం పొలంలో అక్కడక్కడ పరచి, తెల్లవారగానే వాటి కింద చేరిన నత్తలను ఏరి ఉప్పునీటిలోనో సబ్బునీటిలోనో వేయడం, గట్ల వెంట సున్నం చల్లడం, మెటాల్డిహైడ్ గుళికలు వేయడం ఇందులో ముఖ్యమైనవి. బెల్లం గోనెపట్టా పద్ధతి సులభమే గాని కూలి ఎక్కువగా తీసుకుంటుంది. గుళికల పద్ధతి కూలి తక్కువ తీసుకుంటుంది గాని డబ్బు ఎక్కువగా తీసుకుంటుంది. రైతు ఈ రెండింటి మధ్య తన స్తోమతను బట్టి ఎంచుకోవలసి వచ్చింది.

దీనికి దిగువన బోధన్ ప్రాంతంలోనూ సోయా సాగులో ఉంది. సాలూర దాటితే మహారాష్ట్ర. విత్తనం, పశుగ్రాసం, ఇసుక, కూలీలు, కోతయంత్రాలు ఆ రహదారి మీద ఇరువైపులా తిరుగుతాయి. అయితే పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం సలహా మరాఠీలో అచ్చవుతుంది, తెలంగాణ విశ్వవిద్యాలయం సలహా తెలుగులో అచ్చవుతుంది. నత్త దాటే సరిహద్దును సలహా దాటాలంటే అనువాదం కావాలి, ఉమ్మడి హెచ్చరిక కావాలి. ఒకప్పుడు ఒకే రాష్ట్రంగా ఉన్న పరీవాహకంలో ఈ అవసరం తలెత్తడం 1956 విభజనకు ఎవరూ అంతగా తలచని పర్యవసానం.

7. మందు వెనుక వ్యవస్థ

రసాయనం ఒక్కటే నత్తను నిర్మూలించిందా అన్న ప్రశ్నకు అమెరికాలోని ఫ్లోరిడా చరిత్ర స్పష్టమైన సమాధానమిస్తుంది. 1966లో ఒక బాలుడు హవాయి నుంచి మూడు నత్తలను మయామీకి తెచ్చాడు. ఏడేళ్లలో 18,000కు పైగా నత్తలు బయటపడ్డాయి. పదేళ్ల కృషి, పది లక్షల డాలర్లకు పైబడిన వ్యయంతో 1975 నాటికి నిర్మూలన సాధ్యమైంది. 2011లో మళ్లీ కనిపించినప్పుడు పదేళ్లపాటు ఇంటింటి తనిఖీ, శిక్షణ పొందిన కుక్కలు, చేతి ఏరివేత, ఎర మందులు అన్నీ కలిపి 1,68,000కు పైగా నత్తలను తొలగించి 2021లో విజయం ప్రకటించారు. మరుసటి ఏడాదే వేరొక జిల్లాలో మళ్లీ కనిపించాయి. అక్కడ కూడా గుళిక ఒక సాధనం మాత్రమే. దాన్ని నడిపింది ప్రభుత్వ తనిఖీ, నిర్బంధ ప్రాంతం, పదేళ్ల ఓపిక.

బోధన్‌లో ఇటువంటి సామూహిక నిఘాకు పునాది ఒకప్పుడు వేరే రూపంలో ఉండేది. చక్కెర కర్మాగారం అంటే గానుగ మాత్రమే కాదు. కర్మాగారానికి సొంత చెరకు క్షేత్రాలుండేవి. చెరకు విభాగం సిబ్బంది ఏ గ్రామంలో ఎవరి తోట ఎప్పుడు నాటారో, ఎప్పుడు కోతకు వస్తుందో లెక్క రాసుకునేవారు. పీకపురుగు, పిరిల్లా వంటి చీడల సమయంలో ఒకేసారి ఒక మండలమంతా చర్య తీసుకోవడానికి అటువంటి లెక్క అవసరం. 2002లో కర్మాగారంలో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు బదిలీ అయి, అది నిజాం డెక్కన్ షుగర్స్‌గా మారింది. 2015 డిసెంబర్‌లో లే-ఆఫ్ ప్రకటనతో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూతపడ్డాయి. ఈ మూసివేతను కార్మికుల జీతాలు, రైతుల బకాయిల కోణంలో చాలా చర్చించారు. పొలం పొలం తెలిసిన ఒక క్షేత్ర జ్ఞానవ్యవస్థ కూడా దానితో చెదిరిపోయిందన్న సంగతి అంతగా చర్చకు రాలేదు.

నత్త విషయంలో ఈ లోటు మరింత తీవ్రమవుతుంది. ఒక రైతు తన రెండెకరాల్లో గుళికలు వేసినా పక్కవాని గట్టు మీది నత్తలు మరునాటి రాత్రి వచ్చి చేరతాయి. చెరకు తోట యజమానికి నత్త వల్ల పెద్ద నష్టం లేకపోతే అతనికి మందు వేయవలసిన అవసరం కనిపించదు. నష్టం సోయా రైతుది, ఆశ్రయం చెరకు రైతుది. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టేది గ్రామపంచాయతీయో, సహకార సంఘమో, వ్యవసాయ విస్తరణాధికారో కావాలి. దుకాణంలో దొరికే గుళికల సంచి ఆ పని చేయలేదు.

8. విషం మలి ప్రయాణం

బ్రిటన్‌లో మెటాల్డిహైడ్ గుళికలు పక్షులకు, చిన్న జంతువులకు హాని చేస్తున్నాయన్న కారణంతో 2022 మార్చి 31 తర్వాత ఆరుబయట వాడకాన్ని నిషేధించారు. తాగునీటి శుద్ధి కేంద్రాలు ఈ పదార్థాన్ని తేలిగ్గా తొలగించలేకపోవడం అంతకు ముందే అక్కడ పెద్ద సమస్యగా మారింది. అదే ఏడాది మరాఠ్వాడా రైతులు ఆ మందు కోసం దుకాణాల వద్ద నిలబడ్డారు. మంజీర నీరు సేద్యానికే కాదు, హైదరాబాద్ నగరంతో పాటు అనేక పట్టణాల తాగునీటికీ ఆధారం. ఎగువన వేసిన గుళిక దిగువన ఎవరి గ్లాసులో చేరుతుందన్న ప్రశ్న ఈ పరీవాహకానికి అన్యమైనది కాదు.

తవుడు, బెల్లం కలిపి పులియబెట్టి మెథోమిల్ వేసిన ఎర కూడా దక్షిణ భారతదేశంలో నత్తలపై వాడుకలో ఉండేది. మనుషులకు తీవ్ర విషమైన ఆ మందును కేంద్రప్రభుత్వం 2023లో నిషేధించింది. మరోవైపు, ఐరన్ ఫాస్ఫేట్ ఎర 1990ల నుంచి అందుబాటులోకి వచ్చింది. దాన్ని తిన్న నత్త మేత మానేసి కొద్దిరోజుల్లో చస్తుంది. పెంపుడు జంతువులకు ప్రమాదం తక్కువ, ధర ఎక్కువ.

రసాయనం వద్దంటే జీవనియంత్రణే దారి అన్న వాదనకూ చరిత్ర హెచ్చరిక ఉంది. 1955లో హవాయికి, 1977లో మోరియా దీవికి పెద్దనత్తను తినడానికి యూగ్లాండినా అనే మాంసాహార నత్తను తెచ్చారు. అది పెద్దనత్తను అదుపుచేయకపోగా స్థానిక నత్తజాతులను వేటాడింది. మోరియాలో పార్టులా నత్తలు పదేళ్లలో అడవుల నుంచి అంతరించాయి. దక్కనుకు తనవైన నేలనత్తలున్నాయి. అవన్నీ పంటకు శత్రువులు కావు. రాలిన ఆకును మట్టిగా మార్చే పనిలో వాటికీ పాత్ర ఉంది. ఏ నత్త ఏదో తెలియకుండా చల్లే మందు, వదిలే శత్రుజీవి రెండూ గుడ్డివే.

9. ముగింపు

1. నేలనత్త సమస్య ప్రకృతి వైపరీత్యం కాదు. 1847 నాటి ఒక ప్రకృతి పరిశీలకుని ఆసక్తి, మట్టి రవాణా, కాలువసేద్యం, ఏకపంట విస్తరణ కలిసి నిర్మించిన చారిత్రక సమస్య.

2. ఉప్పు, తుత్తం, పాషాణం, మెటాల్డిహైడ్, మెథోమిల్ వరుసలో ప్రతి మందూ ముందుదాని లోపాన్ని తీర్చడానికి వచ్చి తన లోపాన్ని మట్టికో నీటికో అప్పగించింది.

3. నిర్మూలన సాధ్యమైన చోట రసాయనం కన్నా తొలి గుర్తింపు, సామూహిక ఏరివేత, దీర్ఘకాల నిఘా నిర్ణాయకంగా పనిచేశాయి. బోధన్ ప్రాంతంలో చక్కెర కర్మాగారం మూతతో కుంగిన క్షేత్ర నిఘాను రైతు సంఘాలు, రుద్రూర్ పరిశోధన కేంద్రం, పంచాయతీల ద్వారా పునర్నిర్మించవలసి ఉంది.

4. మంజీర పరీవాహకాన్ని మూడు రాష్ట్రాల ముక్కలుగా కాక ఒకే వ్యవసాయ పర్యావరణంగా అధ్యయనం చేయాలి. మరాఠీ, కన్నడ, తెలుగు సలహా సాహిత్యాన్ని పరస్పరం అనువదించడం పరిశోధకులు వెంటనే చేపట్టగల పని.

5. కర్మాగారపు చెరకు విభాగంలో పనిచేసిన వృద్ధుల జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా సేకరించాలి. ఏ గ్రామంలో ఏ చీడ ఎప్పుడు వచ్చింది, ఏ మందు ఎంత చల్లారు, చల్లినవారికి ఏమైంది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పగలవారు వారే. ఆ తరం వెళ్లిపోక ముందే ఈ పని జరగాలి. రాబోయే తొలకరిలో నత్త కనిపిస్తే రైతు మొదట వెళ్లవలసింది మందుల దుకాణానికా, పొరుగు రైతు వద్దకా అన్నది ఆ చరిత్ర నుంచే తేలుతుంది.